హీరో డేట్స్ లేని సినిమాకు అప్పు ఎవరిస్తారు? యానిమేషన్ దర్శకుడికి, స్టూడియోలకు పేచీ ఎక్కడ మొదలవుతుంది

2025 జులై 25న ‘మహావతార్ నరసింహ’ విడుదలైనప్పుడు తెలుగు రాష్ట్రాల్లో దాని మీద పెద్ద అంచనాలేమీ లేవు. తెర మీద స్టార్ లేడు. దర్శకుడు అశ్విన్ కుమార్ పేరు అప్పటికి విన్నవాళ్లు తక్కువ. తెలుగులో గీతా ఆర్ట్స్ విడుదల చేస్తోందన్న మాట తప్ప ట్రేడ్‌కి పట్టుకోవడానికి ఇంకేమీ దొరకలేదు. వారం తిరిగేసరికి పరిస్థితి మారిపోయింది. షోలు పెరిగాయి. కొన్ని చోట్ల ప్రేక్షకులు చెప్పులు బయట విడిచి హాల్లోకి వెళ్తున్న వీడియోలు సోషల్ మీడియాలో తిరిగాయి. చివరికి ప్రపంచవ్యాప్తంగా గ్రాస్ 300 కోట్ల రూపాయలు దాటింది. ఆస్కార్ యానిమేషన్ విభాగంలో పరిశీలనకు అర్హత పొందిన సినిమాల జాబితాలోనూ చోటు దక్కింది.

ఇప్పుడు చూస్తే ఇది గెలుపు కథ. కానీ ఈ సినిమా మీద దాదాపు ఐదేళ్లు పనిచేశారు. ఆ కాలంలో డబ్బు కోసం తిరగని చోటు లేదని, కుటుంబ ఆస్తులు పణంగా పెట్టి, తెలిసినవాళ్ల దగ్గర అప్పులు తెచ్చి నడిపామని అశ్విన్ కుమార్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. నిర్మాణం ఆయన సొంత సంస్థ క్లీమ్ ప్రొడక్షన్స్‌ది. ‘కేజీఎఫ్’, ‘కాంతార’ తీసిన హోంబలే ఫిల్మ్స్ సమర్పకుల స్థానంలో ఉంది. హోంబలే పేరు, గీతా ఆర్ట్స్ పేరు లేకపోతే సినిమా అన్ని థియేటర్లకు వెళ్లేది కాదు, అది నిజం. ఆ పేర్లు పక్కన చేరేవరకు ఐదేళ్ల భారం మోసింది మాత్రం దర్శకుడి ఇల్లే.

యానిమేషన్ సినిమా తీసే స్వతంత్ర దర్శకుడికి స్టూడియోలతో ఎందుకింత కష్టం? ‘మనవాళ్లకి కార్టూన్లంటే చిన్నచూపు’ అనేది అందరూ చెప్పే జవాబు. అందులో కొంత నిజముంది. అసలు చిక్కు మాత్రం అభిరుచిలో కన్నా డబ్బు ఏ దశలో వస్తుందన్న దగ్గర, కాగితం మీద ఏం రాసుకున్నారన్న దగ్గర ఉంది.

రెండు రూపాయల వడ్డీ లెక్క

తెలుగు సినిమాకు పెట్టుబడి ఎలా పుడుతుందో చూద్దాం. హీరో డేట్స్ దొరికాయంటే సగం పని అయినట్టే. ఆ హీరో గత సినిమాల లెక్క చూసి నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఓవర్సీస్ ఇంత అని ఏరియాలవారీగా అంచనా కడతారు. శాటిలైట్, ఓటీటీ, హిందీ డబ్బింగ్, ఆడియో హక్కులకు వేరే లెక్క ఉంటుంది. షూటింగ్ సగంలో ఉండగానే కొన్ని అగ్రిమెంట్లు అయిపోతాయి. వాటిని చూపిస్తే ఫైనాన్షియర్ అప్పు ఇస్తాడు. అతనికి హామీ కథ కాదు, హీరో మార్కెట్.

యానిమేషన్ దర్శకుడి దగ్గర ఆ హామీ లేదు. కథ, కొన్ని బొమ్మలు, మహా అయితే రెండు నిమిషాల టీజర్ ఉంటాయి. షూటింగ్ సినిమాలో పది రోజులు తీసిన ఫుటేజ్ చూపిస్తే కొనేవాడికి ఓ అంచనా వస్తుంది. యానిమేషన్‌లో మొదటి ఏడాది చేతిలో ఉండేది స్టోరీబోర్డు, అంటే సినిమా మొత్తాన్ని వరస బొమ్మలుగా గీసుకున్న కట్ట. దానికి గొంతులు, తాత్కాలిక సంగీతం కలిపితే యానిమాటిక్ అంటారు. అది చూసి సినిమాను ఊహించుకోగలిగే డిస్ట్రిబ్యూటర్ అరుదు.

ఇక పని పరిమాణం. సెకనుకు 24 ఫ్రేములు. గంటన్నర సినిమా అంటే 1,29,600 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా 64,800 బొమ్మలు గీయాలి. గీతాంజలి రావు దర్శకత్వం వహించిన ‘బాంబే రోజ్’ కోసం సుమారు 60 మంది ఆర్టిస్టులు ఏడాదిన్నర పాటు ఫ్రేము వెనక ఫ్రేము చేత్తో రంగులద్దారు. కంప్యూటర్ త్రీడీలో బొమ్మలు మళ్లీ మళ్లీ గీయక్కర్లేదు గానీ పాత్రల మోడల్, వాటిని కదిలించే రిగ్, లైటింగ్, రెండరింగ్ ఒక్కోటీ ఒక్కో విభాగం. ఎవరూ తెర మీద కనపడరు, అందరికీ నెల నెలా జీతం ఇవ్వాలి.

జీతాల కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ కూడా నెల నెలా పెరుగుతుంది. ఉదాహరణకు కోటి రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. పది నెలల్లో షూటింగ్ సినిమా ముగించి విడుదల చేస్తే వడ్డీ 20 లక్షలు. అదే అప్పు ఐదేళ్లు నడిస్తే బారు వడ్డీయే కోటీ 20 లక్షలు, అసలు కంటే ఎక్కువ. ఆలస్యం షూటింగ్ సినిమాకు తలనొప్పి. యానిమేషన్ సినిమాకు ఆలస్యం మొదటి రోజు నుంచే లెక్కలో ఉంటుంది.

మరి స్టార్ పేరు తోడైతే? అదీ ప్రయత్నించారు. రజనీకాంత్ రూపంతో ఆయన కుమార్తె సౌందర్య ‘సుల్తాన్: ది వారియర్’ అనే యానిమేషన్ సినిమా మొదలుపెట్టారు. కార్పొరేట్ సంస్థల పేర్లు కూడా వినిపించాయి. అది విడుదల కాలేదు. తర్వాత మోషన్ క్యాప్చర్‌లో తీసిన ‘కొచ్చడయాన్’ 2014లో వచ్చింది, తెలుగులో ‘విక్రమసింహ’గా. స్టార్ పేరు మీద డబ్బు మొదలవుతుంది గానీ అన్నేళ్ల పనిని ఆ పేరొక్కటే లాక్కెళ్లలేదని అప్పుడు అందరూ చూశారు.

లండన్‌లో 28 ఏళ్లు

దర్శకుడికి, స్టూడియోకు మధ్య కాగితం ఎంత పని చేస్తుందో తెలియాలంటే ప్రపంచంలో అందరూ చెప్పుకునే కేసు రిచర్డ్ విలియమ్స్‌ది. కెనడాలో పుట్టి లండన్‌లో స్టూడియో పెట్టుకున్న యానిమేటర్. ఈ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరి బల్ల మీద ఉండే ‘ది యానిమేటర్స్ సర్వైవల్ కిట్’ రాసింది ఆయనే.

1964లో ఆయన ముల్లా నసీరుద్దీన్ కథలతో సినిమా మొదలుపెట్టారు. ఆ కథల పుస్తకాలకు ఆయన బొమ్మలు వేశారు, అక్కడ పుట్టిన ఆలోచన. కానీ పుస్తకాలు రాసిన ఇద్రీస్ షా కుటుంబంతో 1970ల మొదట్లో చెడింది. నసీరుద్దీన్ హక్కులు పోయాయి. ఏళ్ల తరబడి గీసిన బొమ్మలు పక్కన పడ్డాయి. విలియమ్స్ తాను సొంతంగా సృష్టించిన ఓ దొంగ పాత్రను మిగుల్చుకుని కథ మార్చుకున్నారు. అదే ‘ది థీఫ్ అండ్ ద కాబ్లర్’, దొంగ, చెప్పులు కుట్టేవాడు.

డబ్బు ఎక్కడిది? పగలు టీవీ ప్రకటనలు, రాత్రి ఈ సినిమా. స్టూడియో సంపాదన అంతా ఇందులోకే పోయేది. హాలీవుడ్ పాతకాలపు ఉద్దండులు కెన్ హారిస్, ఆర్ట్ బాబిట్, గ్రిమ్ నాట్‌విక్‌లను పిలిపించి తన కుర్రాళ్లకు పాఠాలు చెప్పించారు. సౌదీ యువరాజు ఒకరు పది నిమిషాల శాంపిల్‌కి డబ్బిస్తే విలియమ్స్ గడువూ దాటించారు, బడ్జెట్టూ దాటించారు. శాంపిల్ చూసి అబ్బురపడిన యువరాజే చివరికి తప్పుకున్నాడు.

1988లో ‘హూ ఫ్రేమ్‌డ్ రోజర్ రాబిట్’ వచ్చింది. దానికి యానిమేషన్ డైరెక్టర్ విలియమ్స్. రెండు ఆస్కార్లు వచ్చాయి. ఆ పేరు చూసి వార్నర్ బ్రదర్స్ ముందుకొచ్చింది. పాతికేళ్ల తర్వాత మొదటిసారి అసలైన బడ్జెట్ దొరికింది. దాంతో పాటు ఓ షరతు కూడా వచ్చింది, కంప్లీషన్ బాండ్.

మన ఇండస్ట్రీలో అరుదుగా వినిపించే మాట ఇది. పెట్టుబడి పెట్టినవాళ్లకు ఓ మూడో సంస్థ ఇచ్చే హామీ. ఫలానా తేదీకి, ఫలానా బడ్జెట్‌లో సినిమా పూర్తవుతుందని ఆ సంస్థ పూచీ పడుతుంది. పూర్తికాకపోతే ఆ సంస్థే సినిమాను చేతిలోకి తీసుకుని, కావాలంటే దర్శకుణ్ని మార్చి, ఎలాగోలా పూర్తి చేయించుకోవచ్చు. బ్యాంకుకు ఇది భద్రత. దర్శకుడికి మాత్రం సొంత సినిమా చేజారే తలుపు ముందే తెరిచి ఉంచినట్టు.

1992 మే నెలలో, అప్పటివరకు అయినదాన్ని వార్నర్ వాళ్లకు చూపించారు. ఇంకో 10, 15 నిమిషాల యానిమేషన్ మిగిలింది. గడువు అప్పటికే దాటింది. అదే ఏడాది నవంబరులో డిస్నీ ‘అలాద్దీన్’ రాబోతోంది, దాదాపు అదే అరేబియా వాతావరణంతో. వార్నర్ తప్పుకుంది. బాండ్ కంపెనీ సినిమాను స్వాధీనం చేసుకుంది. ఫ్రెడ్ కాల్వర్ట్ అనే నిర్మాతను పెట్టి తక్కువ ఖర్చులో పూర్తి చేయించింది. పాటలు చేర్చారు. విలియమ్స్ మాటలే లేకుండా నడిపిన చెప్పులవాడికి మాటలు పెట్టారు. 1995లో మిరామాక్స్ ‘అరేబియన్ నైట్’ పేరుతో అమెరికాలో విడుదల చేసినప్పుడు మూగ దొంగ చేత కూడా మాట్లాడించారు. ఎవరికీ నచ్చలేదు. విలియమ్స్ చాలా ఏళ్లు ఆ సినిమా ఊసెత్తడానికే ఇష్టపడలేదు.

ఈ కథను చాలామంది కళాకారుడు ఒకవైపు, కంపెనీ ఒకవైపు అన్నట్టు చెబుతారు. అంత సూటిగా లేదు. విలియమ్స్ గడువును గౌరవించే మనిషి కాదు. స్టోరీబోర్డు లేకుండా ఏళ్లు నడిపారు. బాగా వచ్చిన సీన్‌ను చించి మళ్లీ గీయించారు. తేదీ రాసి సంతకం పెట్టిన తర్వాత ఆ తేదీ అబద్ధమని వార్నర్‌కు తెలిసినప్పుడు వాళ్లు భయపడటం సహజం. అయితే 28 ఏళ్ల పనిలో ఆఖరి పదిహేను నిమిషాల దగ్గర దర్శకుణ్ని బయటికి పంపడానికి వీలు కల్పించింది ఆ సంతకమే. 2013 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ అకాడమీ అప్పటి వర్క్‌ప్రింట్‌ను ప్రదర్శించింది. విలియమ్స్ దగ్గరుండి చూశారు. ఆయన పూర్తి చేయాలనుకున్న సినిమా మాత్రం ఎక్కడా లేదు. 2019లో కన్నుమూశారు.

పాత్ర ఎవరి సొత్తు?

హైదరాబాద్‌కు వస్తే, ఇక్కడ యానిమేషన్‌కు పనివాళ్ల కొరత ఎప్పుడూ లేదు. పాతికేళ్లుగా విదేశీ స్టూడియోల పని చేసిపెడుతున్న ఊరు. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ ఇక్కడిదే. ‘లైఫ్ ఆఫ్ పై’ పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్‌కు ఇక్కడ శాఖ ఉండేది. ఆ సంస్థ 2013 ఫిబ్రవరిలో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఫ్రేముకింత, షాట్‌కింత అని తీసుకునే పనిలో ఆస్కార్ వచ్చినా సినిమా మీద హక్కు రాదు. జీతం ఆగితే మిగిలేది షోరీల్ మాత్రమే.

ఇదే ఊళ్లో రాజీవ్ చిలక వేరే దారి పట్టారు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి, అక్కడే యానిమేషన్ చదువుకుని వచ్చి 2001లో గ్రీన్ గోల్డ్ పెట్టారు. ‘ఛోటా భీమ్’ ఆలోచన పుట్టాక చానల్ ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. 2008లో పోగోలో మొదలైంది. ఆ తర్వాత కథ పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ దాటి మాంగోలో ఇంట్లో తెలుగు, బడిలో హిందీ మాట్లాడే పిల్లకైనా, మంగళగిరి పిల్లకైనా భీమ్ ఒక్కడే, భాష మారితే చాలు. స్టార్ ముఖం లేకపోవడం ఇక్కడ లాభమైంది. పెదాల కదలిక, నటుడి సొంత గొంతు అనే చిక్కు లేదు కాబట్టి ఏ భాష పెట్టినా అతుకు కనపడదు. ‘మహావతార్ నరసింహ’ ఒకేసారి ఐదు భాషల్లో వచ్చి అన్నింటిలోనూ సొంత సినిమాలా చెలామణి కావడానికి కారణాల్లో ఇదొకటి.

వ్యాపారంలో అసలు మలుపు మాత్రం హక్కుల దగ్గర ఉంది. చానల్ ప్రసారం చేసింది, పాత్ర గ్రీన్ గోల్డ్ చేతిలో ఉండిపోయింది. స్కూల్ బ్యాగులు, టిఫిన్ డబ్బాలు, టీషర్టులు, సొంత దుకాణాలు, సినిమాలు, 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘మైటీ లిటిల్ భీమ్’ వరకు అన్నీ ఆ ఒక్క హక్కు మీద నిలబడ్డవే. ఖర్చంతా మేం పెట్టుకుంటాం, పాత్ర మాకు రాసిచ్చేయండి అనే అగ్రిమెంట్‌కి తలూపి ఉంటే ఇవాళ ఆ సంస్థ ఇంకో సర్వీస్ స్టూడియోగా మిగిలేది. నిజమే, టీవీ సీరీస్ చేసేవాళ్లకు ఎపిసోడ్లవారీగా డబ్బు వస్తుంది, బేరం ఆడే ఓపిక ఉంటుంది. ఒక్క సినిమా మీద బతికే దర్శకుడికి నాలుగో ఏడు జీతాల తేదీ దగ్గర పడుతుంటే ఆ ఓపిక ఎక్కడిది?

తెలుగు సినిమా వైపు నుంచి ప్రయత్నాలు లేవని కాదు. సింగీతం శ్రీనివాసరావు లాంటి దర్శకుడు ‘సన్ ఆఫ్ అలాద్దీన్’, ‘ఘటోత్కచ్’ చేశారు. మొదటిది చెన్నైలోని పెంటామీడియా నిర్మాణం, 2008లో వచ్చిన రెండోదానికి పెట్టుబడి ముంబైది. ‘ఆదిత్య 369’ తీసిన మనిషి యానిమేషన్ చేస్తానంటే ఫిల్మ్‌నగర్‌లో నిర్మాత ముందుకు రాలేదన్నమాట. 2006లో బి.సత్య తీసిన తెలుగు యానిమేషన్ చిత్రం ‘కిట్టు’కు జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా చూసినవాళ్లను వెతికి పట్టుకోవడం ఇవాళ కష్టం.

పూర్తయ్యాక ఇంకో యుద్ధం

సినిమా పూర్తయితే గండం గడిచినట్టేనా? శిల్పా రనడే ‘గూపీ గవయ్యా బాఘా బజయ్యా’ను 2013లో టొరంటో చిత్రోత్సవంలో చూపించారు. మన థియేటర్లలోకి వచ్చింది 2019 మార్చిలో. నిర్మాతల్లో ఒకటి ప్రభుత్వ సంస్థ, చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ. సినిమాలకు డబ్బిచ్చే అలవాటున్న ఆ సంస్థకు వాటిని థియేటర్లో అమ్మే అలవాటు లేదు. 2022లో దాన్ని ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. ‘బాంబే రోజ్’ 2019లో వెనిస్‌లో క్రిటిక్స్ వీక్ విభాగాన్ని ప్రారంభించిన చిత్రం, ఇక్కడి ప్రేక్షకులకు చేరింది 2021లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా.

పెద్ద స్టూడియో చేతిలో ఉన్నా తేలికేమీ కాదు. 2012 మే 18న ఛోటా భీమ్ సినిమా ‘కర్స్ ఆఫ్ దమ్యాన్’ విడుదలైంది. వారం తర్వాత, మే 25న, యూటీవీ, డిస్నీ కలిసి అర్ణబ్ చౌధురి ‘అర్జున్: ది వారియర్ ప్రిన్స్’ను విడుదల చేశాయి. దృశ్యపరంగా ఆ దశాబ్దంలో మన దేశంలో వచ్చిన మంచి యానిమేషన్లలో అదొకటి, ఇప్పటికీ యానిమేషన్ విద్యార్థులు చెప్పుకునే సినిమా. వసూళ్లలో నిలవలేదు. కొంచెం పెద్దవాళ్ల కోసం తీసిన మహాభారత కథ, వేసవి సెలవుల్లో ‘పిల్లల సినిమా’ వరసలోకి వెళ్లింది. పిల్లలకు అప్పటికే భీముడు ఉన్నాడు. అర్ణబ్ 2019లో చనిపోయేనాటికి ఇంకో సినిమా విడుదల చేయలేకపోయారు. డబ్బు కొరత లేని చోట కూడా ఈ సినిమా ఎవరికి అన్న ప్రశ్నకు దర్శకుడి జవాబు ఒకటి, మార్కెటింగ్ విభాగం జవాబు ఇంకొకటి కావడమే అక్కడి కష్టం.

బయటి దారులు వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఇషాన్ శుక్లా 2016లో ‘షిర్కోవా’ అనే పొట్టి సినిమా తీశారు. మనుషులంతా తలకు కాగితం సంచులు తగిలించుకుని బతికే ఊరి కథ. ఇలాంటి కథకు ఏరియా హక్కులు ఎవరు కొంటారు? ఆయన దాన్ని ఫ్రెంచ్, జర్మన్ భాగస్వామ్యంతో పూర్తి నిడివి చిత్రంగా మార్చి, వీడియో గేములకు వాడే అన్‌రియల్ ఇంజిన్ మీద ఖర్చు తగ్గించుకుని 2024లో రోటర్‌డామ్ ఉత్సవానికి తీసుకెళ్లారు. నెట్‌ప్యాక్ అవార్డు వచ్చింది.

ఇప్పుడు అదే ఇషాన్ శుక్లా చేతిలో ‘బాహుబలి: ది ఎటర్నల్ వార్’ ఉంది. 2025 నవంబరులో టీజర్ వచ్చింది. బడ్జెట్ 120 కోట్ల రూపాయలని రాజమౌళి చెప్పారు. ఈసారి డబ్బు కోసం దేశాలు తిరగక్కర్లేదు, సమర్పకుడి పేరే హీరో డేట్స్‌తో సమానం. అయితే మాహిష్మతి ఆయనది కాదు. కాగితం సంచుల ఊరు ఆయనది. అశ్విన్ కుమార్ పరిస్థితి దీనికి ఎదురు. నరసింహుడి విడుదలకు ముందే హోంబలేతో కలిసి 2037 వరకు ఏడు సినిమాల వరస ప్రకటించారు, పేరు ‘మహావతార్ సినిమాటిక్ యూనివర్స్’. పురాణం ఎవరి సొత్తూ కాదు గనక ఎవరైనా తీయొచ్చు. ఆయన గీయించిన నరసింహుడి రూపం మాత్రం అగ్రిమెంట్‌లో ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే. వరసలో రెండోది ‘మహావతార్ పరశురామ్’. ‘ఎటర్నల్ వార్’ లాగే దానికీ ప్రకటించిన ఏడాది 2027.